మేతలో బూజు విషం, చేప కాలేయం, యాంటీఆక్సిడెంట్లు: ఒక సమీక్ష

విజయవాడ వైపు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్‌లోకి అడుగుపెట్టే ఎల్బీ నగర్‌లోనూ, దానిని ఆనుకుని ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అమ్ముడయ్యే మంచినీటి చేపలు స్థూలంగా రెండు రకాల నీళ్లలో పెరిగినవి. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వంటి తెలంగాణ చెరువుల్లో మత్స్యకార సహకార సంఘాలు చేపపిల్లలను వదిలి, నీటిలో సహజంగా పెరిగే ప్లవకాల మీద, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల మీద, వాటి పోషణను వదిలేసే పద్ధతి ఒకటి. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో తవ్విన చెరువుల్లో రోజూ మేత వేసి పెంచి, మంచు నింపిన పెట్టెల్లో లారీలకెక్కించే పద్ధతి రెండోది. బూజు విషాల సమస్య దాదాపు పూర్తిగా ఈ రెండో పద్ధతికి సంబంధించినది, ఎందుకంటే ఆ విషం చెరువు నీటిలో పుట్టేది కాదు, చేలోనో గోదాములోనో పుట్టి మేత బస్తాతో పాటు చెరువు గట్టుకు చేరేది. ఆ విషం చేప శరీరంలో చేసే హానిని విటమిన్ ఇ, విటమిన్ సి, సెలీనియం, పసుపులోని కర్క్యుమిన్ వంటి యాంటీఆక్సిడెంట్లు ఎంతవరకు అడ్డుకోగలవు, జరిగిపోయిన హానిని ఎంతవరకు నయం చేయగలవు అనే రెండు ప్రశ్నలను శాస్త్ర సాహిత్యం చాలాసార్లు ఒకటిగా కలిపేసింది. వాటిని విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

బూజు విషాలు, అంటే మైకోటాక్సిన్లు, కొన్ని శిలీంధ్రాలు ధాన్యం, గింజలు, నూనె తీయగా మిగిలిన చెక్కల మీద పెరుగుతూ తయారుచేసే రసాయనాలు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ అధ్యయనానికి నోచుకున్నది అఫ్లటాక్సిన్ బి1. దానిని ప్రధానంగా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే రెండు బూజులు తయారుచేస్తాయి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియని జబ్బుతో చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. దాదాపు అదే కాలంలో అమెరికాలోని హేచరీల్లో పెంచుతున్న రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయ కేన్సర్ అంటువ్యాధిలా వ్యాపించగా, బూజు పట్టిన పత్తిగింజల పిండి అందుకు కారణమని తర్వాత తేలింది. అంటే చేపకూ అఫ్లటాక్సిన్‌కూ ఉన్న సంబంధం ఈ విషం చరిత్ర మొదలైనప్పటి నుంచీ ఉన్నదే.

ఈ చరిత్రలో హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చోటుంది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో జబ్బుపడి, వారిలో 106 మంది మరణించిన ఘటనకు అఫ్లటాక్సిన్ కారణమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించి 1975లో ప్రకటించారు. దక్కన్ పీఠభూమి గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నప్పుడు, దానికి కారణం ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషమని 1997లో నివేదించినదీ అదే సంస్థ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వేరుశనగలో అఫ్లటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో కొలిచే ఎలైసా పరీక్షను, అంటే ప్రతిరక్షకాల సాయంతో విషాన్ని పసిగట్టే పద్ధతిని, అభివృద్ధి చేసింది. మనిషి తిండి విషయంలో ఇంత పని జరిగిన నగరానికి తూర్పున ఐదారు గంటల ప్రయాణ దూరంలోనే దేశంలోకెల్లా పెద్ద మంచినీటి చేపల సాగు ప్రాంతం ఉన్నా, ఆ చేపల మేత మీద అంతటి శ్రద్ధ పడలేదన్నది కాదనలేని మాట.

కొల్లేరు సరస్సు చుట్టుపక్కల చెరువుల్లో శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపలకు వేసే మేతను తెలుసుకోకుండా ఈ సమస్యను అర్థం చేసుకోలేము. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ కార్ప్ సాగులో నూనె తీసిన తవుడే ప్రధానమైన మేత అని, దానికి వేరుశనగ చెక్క, పత్తి చెక్క తోడవుతాయని నమోదు చేసింది. రైతులు డీఓబీ అని పిలిచే ఆ తవుడును, చెక్క పొడిని కలిపి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకు కట్టి వేలాడదీస్తే, చేపలు ఆ చిల్లుల దగ్గర మూతిపెట్టి మేతను లాక్కుని తింటాయి. మేత వృథా కాకుండా చూసే ఈ ఉపాయం ఆంధ్ర రైతుల సొంతం, మెచ్చుకోదగినదే. అయితే ఈ మేతలోని మూడు ప్రధాన దినుసులూ బూజుకు అనువైనవి. వేరుశనగ కాయ ఊరే దశలో వర్షం ముఖం చాటేస్తే, నేలలోని బూజు పగిలిన తొక్క గుండా గింజలోకి చొరబడుతుంది. అనంతపురం, పాలమూరు వంటి వర్షాభావ ప్రాంతాల పంటలో ఇది తరచుగా జరుగుతుంది. పత్తిగింజ జిన్నింగు మిల్లు ఆవరణలో తడిస్తే అక్కడే బూజు పడుతుంది. తవుడు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది. జూన్ నుంచి అక్టోబరు వరకు గోదావరి డెల్టా గోదాముల్లో ఉండే ఉక్కపోత, 25 నుంచి 35 డిగ్రీల ఉష్ణోగ్రత, ఆస్పర్జిల్లస్‌కు కోరి తెచ్చినట్టే సరిపోతాయి. మేతలో తేమ 12 శాతం లోపు ఉంటే బూజు పెరుగుదల చాలావరకు ఆగుతుంది, కానీ చెరువు గట్టు మీద టార్పాలిన్ కింద పేర్చిన బస్తాల్లో ఆ హద్దు నిలవడం కష్టం. ఒకసారి పుట్టిన అఫ్లటాక్సిన్ ఎండబెట్టినా, ఉడకబెట్టినా, గుళికల యంత్రంలో ఆవిరి పట్టినా పోదు. అది విచ్ఛిన్నం కావడానికి రెండు వందల డిగ్రీలకు పైగా వేడి కావాలి. బూజు చచ్చి, రంగు మారి, వాసన పోయిన తర్వాత కూడా విషం అలాగే ఉంటుంది కనుక, కంటికి శుభ్రంగా కనబడే చెక్క కూడా భద్రమైనదని చెప్పడానికి వీల్లేదు.

అటువంటి మేత తిన్న చేపలో జరిగేది ఇది. పేగు నుంచి రక్తంలోకి చేరిన అఫ్లటాక్సిన్ బి1 నేరుగా కాలేయానికి వెళుతుంది. అక్కడ పరాయి రసాయనాలను శుద్ధి చేయడానికి ఉన్న సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబం దానికి ఒక ఆక్సిజన్ పరమాణువును జోడించి, ఎపాక్సైడ్ అనే అత్యంత చురుకైన రూపంలోకి మారుస్తుంది. శుద్ధి చేయబోయి మరింత ప్రమాదకరమైన పదార్థాన్ని తయారుచేయడమన్నమాట. ఆ ఎపాక్సైడ్ కణకేంద్రకంలోని డీఎన్ఏకు అతుక్కుని ఉత్పరివర్తనాలకు, చివరకు కేన్సర్‌కు దారితీస్తుంది. మరోవైపు అది ప్రోటీన్లకు అంటుకుంటుంది, మైటోకాండ్రియాల పనిని చెడగొడుతుంది. ఈ క్రమంలో స్వేచ్ఛా రాడికల్స్, అంటే జత లేని ఎలక్ట్రానుతో దొరికిన అణువు మీదల్లా దాడిచేసే ఆక్సిజన్ రూపాలు, అదుపు తప్పి పుట్టుకొస్తాయి. ఈ స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. చేపకు ఇది మరీ కీడు, ఎందుకంటే చేప కణాల పొరల్లో బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, అవి ఆక్సిజన్ దాడికి త్వరగా పాడవుతాయి. కాలేయం పాలిపోయి పసుపు పచ్చగా మారడం, మొప్పలు వెలవెలబోవడం, రక్తం సరిగా గడ్డకట్టకపోవడం, మేత తిన్నా బరువు పెరగకపోవడం దీని బాహ్య లక్షణాలు. అంతకన్నా ఎక్కువ నష్టం కలిగించేది కంటికి కనబడదు: రోగనిరోధక శక్తి కుంగిపోయి, మామూలుగా తట్టుకోగలిగిన ఏరోమోనాస్, ఎడ్వర్డ్‌సియెల్లా బాక్టీరియాలకు చేప లొంగిపోతుంది. అప్పుడు చచ్చిన చేపల మీద కనబడేది బాక్టీరియా వ్యాధి కనుక మందు దానికే పడుతుంది, మేత మీదకు అనుమానం పోదు.

శరీరానికి సొంత రక్షణ లేకపోలేదు. గ్లూటథయోన్ అనే చిన్న అణువును ఎపాక్సైడ్‌కు తగిలించి బయటకు పంపే ఎంజైము ఒకటి ఉంది; స్వేచ్ఛా రాడికల్స్‌ను చల్లార్చడానికి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, క్యాటలేజ్, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ అనే మరో మూడు ఎంజైములు ఉన్నాయి. విషం ఎక్కువైతే గ్లూటథయోన్ నిల్వలు అడుగంటుతాయి. యాంటీఆక్సిడెంట్‌ను బయటి నుంచి ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. అయితే ఈ వరుసను జాగ్రత్తగా గమనిస్తే, యాంటీఆక్సిడెంట్ పనిచేయగల చోట్లు రెండని తెలుస్తుంది: ఎపాక్సైడ్ పుట్టకముందు లేదా పుట్టిన వెంటనే దానిని నిర్వీర్యం చేసే చోటు ఒకటి, దాడి తర్వాత పుట్టిన రాడికల్స్‌ను చల్లార్చే చోటు మరొకటి. మొదటిది వేరు మీద పనిచేస్తే రెండోది కొమ్మల మీద పనిచేస్తుంది. విటమిన్లు ఎక్కువగా రెండో చోటికి చెందినవన్న విషయాన్ని ఈ రంగంలోని చాలా వ్యాసాలు స్పష్టంగా చెప్పవు.

జాతిని బట్టి తేడా కూడా చాలా పెద్దది. రెయిన్‌బో ట్రౌట్ చేప కిలో మేతలో ఒక మైక్రోగ్రాము స్థాయి అఫ్లటాక్సిన్‌ను నెలల తరబడి తిన్నా కొన్నిటికి కాలేయ గడ్డలు రావచ్చు. అమెరికా చానెల్ క్యాట్‌ఫిష్‌ను చంపడానికి ట్రౌట్‌కు కావలసిన మోతాదుకు పది రెట్లకు పైగా అవసరమవుతుంది. ట్రౌట్ కాలేయం ఎపాక్సైడ్‌ను వేగంగా తయారుచేస్తుంది గానీ గ్లూటథయోన్‌తో దానిని బంధించడంలో వెనుకబడి ఉంటుంది. ఈ రెండు వేగాల మధ్య పొంతనే ఏ జాతి ఎంత తట్టుకోగలదో నిర్ణయిస్తుంది. కాబట్టి ట్రౌట్ మీద వచ్చిన ఫలితాన్ని శీలావతికీ, టిలాపియా మీద వచ్చిన ఫలితాన్ని పంగస్ చేపకూ నేరుగా అన్వయించడం తొందరపాటు. మన కార్ప్ చేపలు ట్రౌట్ అంత సున్నితమైనవి కావు. అయితే చావు లేకపోవడమంటే హాని లేకపోవడం కాదని శీలావతి మీద జరిగిన భారతీయ అధ్యయనాలే చూపాయి.

ఆ అధ్యయనాల్లో ముఖ్యమైనవి భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థలో సాహూ, ముఖర్జీ చేసినవి. శీలావతి చేపలకు అఫ్లటాక్సిన్ బి1ను ఇంజెక్షన్‌గా ఇచ్చి వాటి రోగనిరోధక శక్తిని కుంగదీసి, ఆ తర్వాత మేతలో ఎక్కువ మోతాదులో ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇ) ఇచ్చి చూసిన ఫలితాలు 2002లోనూ, విటమిన్ సి ఇచ్చి చూసినవి 2003లోనూ ప్రచురితమయ్యాయి. విటమిన్ తిన్న చేపల్లో ప్రతిరక్షకాల ఉత్పత్తి, తెల్ల రక్తకణాల పనితీరు, బాక్టీరియాను తట్టుకునే శక్తి గణనీయంగా కోలుకున్నాయి. విషం పడిన తర్వాత ఇచ్చిన విటమిన్ కూడా ఉపయోగపడిందన్నది ఇందులో ఆసక్తికరమైన అంశం. కొమ్మల మీద పనిచేసేదైనా నిరుపయోగం కాదని ఇది రుజువు చేస్తుంది. 2004లో చెన్నై పరిశోధకులు అమృతబిందు అనే మూలికలు, సుగంధ ద్రవ్యాలు, లవణాల మిశ్రమాన్ని శీలావతికి ముందుగా ఇచ్చి, తర్వాత అఫ్లటాక్సిన్ ఇచ్చినప్పుడు కొవ్వుల, ప్రోటీన్ల ఆక్సీకరణ తగ్గిందని చూపారు. ఆ తర్వాతి కాలంలో ఈజిప్టులో నైలు టిలాపియా మీద, చైనాలో గడ్డిచేప మీద వెల్లుల్లి, స్పిరులినా, కర్క్యుమిన్, సెలీనియం వంటి వాటితో ఇటువంటి ప్రయోగాలు పెరిగాయి. ఫలితాల సరళి దాదాపు అన్నిటా ఒకటే: విషం మాత్రమే తిన్న చేపల కన్నా, విషంతో పాటు యాంటీఆక్సిడెంట్ తిన్న చేపల కాలేయ ఎంజైములు మెరుగ్గా ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్న చేపల స్థాయికి మాత్రం పూర్తిగా చేరలేదు.

విడివిడిగా చూస్తే, విటమిన్ సి విషయం అన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే చాలా అస్థిచేపలు మనిషిలాగే దానిని సొంతంగా తయారుచేసుకోలేవు, మేతలో లేకపోతే వాటికి లేనట్టే. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం నిల్వలోనూ నీటిలోనూ త్వరగా పాడవుతుంది కనుక ఫాస్ఫేట్ జోడించిన స్థిరమైన రూపమే మేతకు పనికొస్తుంది. విటమిన్ ఇ కణపొరలో కూర్చుని కొవ్వులను కాపాడుతుంది, తాను ఆక్సీకరణ చెందినప్పుడు విటమిన్ సి దానిని తిరిగి పనిలో పెడుతుంది. అందువల్ల ఒకటి లేకుండా రెండోదానిని గుమ్మరించడంలో అర్థం లేదు. ఇక్కడ తవుడు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ధాన్యం తవుడులో సహజంగా విటమిన్ ఇ, ఒరైజనాల్ సమృద్ధిగా ఉంటాయి, కానీ నూనె తీసినప్పుడు అవి నూనెతో పాటే పోతాయి. నూనె తీయని తవుడు వాడదామంటే, మిల్లు నుంచి వచ్చిన గంటల్లోనే లైపేజ్ ఎంజైము పనిచేసి అది ముక్కిపోయిన వాసన పట్టడం మొదలవుతుంది, ఆ చెడిన నూనెలోని పెరాక్సైడ్‌లు చేప శరీరంలోని విటమిన్ ఇను ఖర్చు చేస్తాయి. అంటే డీఓబీ తినే చేప బూజు విషం చేరకముందే యాంటీఆక్సిడెంట్ విషయంలో బీదది. దానికి చెరువులోని ప్లవకాలే దిక్కు. ప్లవకాలు సమృద్ధిగా ఉన్న పచ్చనీటి చెరువులో చేపలు అదే మేతను మెరుగ్గా తట్టుకునే అవకాశం ఉందన్న ఊహ తార్కికమైనదే, పరీక్షించదగినదే.

సెలీనియం గ్లూటథయోన్ పెరాక్సిడేజ్‌కు గుండెకాయ వంటిది, అయితే అవసరానికీ విషానికీ మధ్య ఎడం తక్కువ. ట్రౌట్‌కు కిలో మేతకు అర మిల్లీగ్రాము లోపు సరిపోతుంది, 13 మిల్లీగ్రాముల దగ్గర అదే విషమవుతుంది. చెరువు గట్టు మీద చేత్తో కలిపే మేతలో అంత చిన్న పరిమాణాన్ని సమంగా పంచడం అసాధ్యం కనుక, ముందుగానే సమంగా కలిపి ఉంచిన ప్రీమిక్స్ రూపంలో తప్ప సెలీనియం వాడకాన్ని సమర్థించలేము. కర్క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది. ప్రయోగశాలలో శుద్ధమైన కర్క్యుమిన్‌తో వచ్చిన ఫలితాన్ని వంటింటి పసుపుకు అంటగట్టడం సరికాదు, పసుపులో కర్క్యుమిన్ ఉండేది కొద్ది శాతమే. మిగిలిన మూలికల జాబితా పొడవైనదే గానీ సాక్ష్యం పలుచనిది.

ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా ఎక్కువ పాఠం చెప్పేవి అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రౌట్ మీద జరిగిన ప్రయోగాలు. విచిత్రమేమిటంటే చేపల వైద్యం గురించి రాసేవారు వాటిని అరుదుగా తలుస్తారు. క్యాబేజీ జాతి కూరగాయల్లో ఉండే ఇండోల్-3-కార్బినాల్ అనే పదార్థాన్ని అఫ్లటాక్సిన్‌కు ముందు, దానితో పాటు మేతలో ఇచ్చినప్పుడు ట్రౌట్‌లో కాలేయ గడ్డలు బాగా తగ్గాయి. అదే పదార్థాన్ని అఫ్లటాక్సిన్ ఇచ్చిన తర్వాత దీర్ఘకాలం ఇచ్చినప్పుడు గడ్డలు పెరిగాయి. 1980ల చివర్లో ప్రచురితమైన ఈ ఫలితం కాపాడేదనుకున్న పదార్థమే, సమయం తప్పితే, కేన్సర్‌ను ప్రోత్సహిస్తుందని నిరూపించింది. రెండో పాఠం క్లోరోఫిల్లిన్‌ది. ఆకుపచ్చ పత్రహరితం నుంచి తయారయ్యే ఈ పదార్థం ట్రౌట్ పేగులోనే అఫ్లటాక్సిన్‌ను పట్టుకుని, రక్తంలోకి చేరకుండా చేసి, డీఎన్ఏకు అతుక్కునే విషాన్ని మోతాదుకు తగ్గట్టుగా తగ్గించింది. ఈ చేప ప్రయోగాల ఆధారంగానే చైనాలోని చిదోంగ్ ప్రాంతంలో 180 మంది మీద పరీక్ష జరిగి, రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిల్లిన్ తీసుకున్నవారి మూత్రంలో అఫ్లటాక్సిన్ డీఎన్ఏ గుర్తులు 55 శాతం తగ్గినట్టు 2001లో తేలింది. క్లోరోఫిల్లిన్ యాంటీఆక్సిడెంట్‌గా పేరుపొందినా, ఇక్కడ అది పనిచేసింది ఆ గుణం వల్ల కాదు, విషాన్ని పేగులోనే బంధించడం వల్ల. యాంటీఆక్సిడెంట్ అన్న పేరు మీద వచ్చే ఫలితాల్లో నిజంగా ఎంత భాగం యాంటీఆక్సిడెంట్ గుణానిదో తేల్చకుండా వైద్యం అని పిలవడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

పద్ధతుల లోపాలు కూడా చిన్నవి కావు. చాలా ప్రయోగాల్లో విషాన్ని ఒక్కసారిగా కడుపులోకి ఇంజెక్షన్ ఇస్తారు లేదా మేతలో మిల్లీగ్రాముల స్థాయిలో కలుపుతారు. చెరువులో చేప తినేది అంతకన్నా ఎంతో తక్కువ మోతాదు, కానీ నెలల తరబడి, అదీ ఒక్క అఫ్లటాక్సిన్ కాదు, మొక్కజొన్నతో వచ్చే ఫ్యుమోనిసిన్, ఆక్రటాక్సిన్ అనే మరో బూజు విషం కలిసిన మిశ్రమం. ఈమధ్య చవకగా దొరుకుతున్న డీడీజీఎస్, అంటే ఇథనాల్ కర్మాగారాల్లో ధాన్యం పిండిపదార్థం పోగా మిగిలిన పిప్పి, ఈ లెక్కను మరింత జటిలం చేస్తుంది, ఎందుకంటే ధాన్యంలో ఉన్న బూజు విషం ఆ పిప్పిలో సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది. ఫలితాన్ని కొలిచే తీరులోనూ చిక్కుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పెరిగితే రక్షణ బలపడిందంటారు, తగ్గితే ఒత్తిడి తగ్గిందంటారు. ఏది జరిగినా మందు గెలిచినట్టే చెప్పగలిగే కొలమానం మీద ఎక్కువ బరువు పెట్టలేము. రైతుకు కావలసింది చేపల బతుకు శాతం, కిలో బరువుకు అయిన మేత, పంట పట్టే రోజు. ఈ మూడింటినీ నిజమైన చెరువులో కొలిచిన ప్రయోగాలు అరుదు.

ఈ సందిగ్ధత మార్కెట్‌లో కనబడదు. డెల్టా పట్టణాల్లోని ఆక్వా షాపుల్లో లివర్ టానిక్‌ల పేరుతో కోలిన్, ఇనాసిటాల్, బి విటమిన్లు, సిలిమారిన్ మిశ్రమాలు డబ్బాల్లో అమ్ముడవుతాయి, టాక్సిన్ బైండర్ అనే మరో సంచి వాటి పక్కనే ఉంటుంది. కోలిన్ కాలేయంలో కొవ్వు పేరుకోకుండా తోడ్పడుతుంది, అది నిజమే. కానీ అది అఫ్లటాక్సిన్‌కు విరుగుడు కాదు. డబ్బాలోని మందును తవుడులో కలిపి చిల్లుల సంచిలో వేలాడదీసినప్పుడు నీటిలో కరిగే భాగం చేప నోటికన్నా ముందు చెరువు నీటికే చేరుతుంది. గుళికల మేత వాడే పంగస్ సాగులో ఈ నష్టం తక్కువ; పిండి మేత మీద ఆధారపడ్డ శీలావతి సాగులో మందు ఖర్చులో ఎంత భాగం చేపకు అందుతుందో ఎవరూ లెక్కగట్టి చెప్పరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో చేపల మేత నాణ్యతా నియంత్రణ చట్టం తెచ్చింది. అది కర్మాగారంలో తయారైన మేతను అదుపు చేయగలదేమో గానీ, రైతు సొంతంగా కొని కలుపుకునే చెక్క, తవుడు దానికి అందడం కష్టం.

విషాన్ని పేగులో పట్టుకునే బంధకాల (బైండర్ల) సాక్ష్యం యాంటీఆక్సిడెంట్ల కన్నా దృఢంగా ఉంది. బెంటొనైట్ వంటి బంకమట్టి ఖనిజాల పొరల మధ్య అఫ్లటాక్సిన్ అణువు చక్కగా ఇరుక్కుంటుంది, ఐరోపా సమాఖ్య 2013లో కోళ్లు, పందులు, పశువుల మేతకు దానిని అనుమతించింది. ఫ్యుమోనిసిన్ వంటి ఇతర విషాలను అది పెద్దగా పట్టుకోదు, మోతాదు మించితే కొన్ని పోషకాలను కూడా పట్టుకుపోతుంది. ఈస్టు కణగోడలు కొంత విస్తృతంగా పనిచేస్తాయి గానీ ఫలితం స్థిరంగా ఉండదు. బంధకం, విటమిన్ సి, విటమిన్ ఇ మూడూ కలిసి ఇచ్చినప్పుడు వచ్చే ఫలితం ఏ ఒక్కదానికన్నా మెరుగ్గా ఉంటుందని ఆశించడానికి తగిన కారణముంది: ఒకటి వేరును, తక్కినవి కొమ్మలను చూసుకుంటాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మృగశిర కార్తె నాడు చేప కొనే కుటుంబానికి ఈ చర్చ ఎంతవరకు అవసరమన్న ప్రశ్నకు జవాబు కొంత ఊరటనిచ్చేదే. అఫ్లటాక్సిన్ ప్రధానంగా చేప కాలేయంలో, పేగుల్లో ఉంటుంది, కండలోకి చేరేది చాలా తక్కువ. చేప కోసేటప్పుడు లోపలి భాగాలన్నీ తీసేసే మన అలవాటు దానికి మరో అడ్డుకట్ట. మనిషికి అఫ్లటాక్సిన్ ముప్పు చేపకన్నా నిల్వ ఉన్న పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిరప నుంచే ఎక్కువ. ప్రమాదం తక్కువన్నంత మాత్రాన అది లేదని కాదు. చేప లివర్‌ను ఇష్టంగా వండుకునేవారు మేత వేసి పెంచిన చేపల లివర్‌ను మానుకోవడమే మంచిది. దీనికి భిన్నంగా రైతుకు మాత్రం నష్టం నేరుగా తగులుతుంది: పెరగని చేప, పెరిగిన మేత ఖర్చు, అంతుచిక్కని మరణాలు.

ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యాన్ని బట్టి, మేతలో బూజు విషం బయటపడ్డాక యాంటీఆక్సిడెంట్‌ను మందుగా ఇచ్చి చేపను కాపాడవచ్చనే ప్రచారానికి ఆధారం బలహీనం. వర్షాకాలం ముందు నుంచే మేతలో స్థిరమైన విటమిన్ సి, తగినంత విటమిన్ ఇ ఉండేలా చూసుకోవడం సమంజసం. అది కూడా విషపు మేతను ఆపి, తేమ తగ్గించి, చెక్కను పరీక్ష చేయించి, బంధకం వాడిన తర్వాత చేరే ఐదో జాగ్రత్త మాత్రమే. ఒక్కో నమూనాకు 25 డాలర్లు అయ్యే అఫ్లటాక్సిన్ పరీక్షను సుమారు ఒక్క డాలరుకు దించామని ఇక్రిశాట్ ప్రకటించి చాలా ఏళ్లయింది. ఆ పరీక్ష వేరుశనగ కొనే ఎగుమతిదారుకు చేరింది గానీ చెక్క కొనే చేపల రైతుకు చేరలేదు. ముత్తుకూరు, పెబ్బేరు మత్స్య కళాశాలలు డీఓబీ మేత మీదే, చెరువులోనే, మార్కెట్‌లో దొరికే చెక్కలో సహజంగా ఉండే విష మోతాదుతోనే, విటమిన్లను విషానికి ముందూ తర్వాతా ఇచ్చి, పంట పట్టే రోజు దిగుబడిని కొలిచే ప్రయోగం చేపట్టాలి. అంతవరకు లివర్ టానిక్ డబ్బా మీద ఖర్చుపెట్టబోయే రైతు ఆ సొమ్ములో మొదటి భాగాన్ని చెక్క పరీక్షకూ, గోదాము నేల మీద పరిచే చెక్కబల్లలకూ కేటాయించుకోవాలి.